నడుం నొప్పికి నరం కాల్చే చికిత్స: పాప ఫీజు ఎఫ్‌డీ తీసేయాలా?

ప్రశ్న: మాది కాజీపేట. మావారికి 49 ఏళ్లు, హార్డ్‌వేర్ షాపు నడుపుతారు. ఏడాదిగా నడుం నొప్పి. హైదరాబాద్‌లో డాక్టర్ రేడియోఫ్రీక్వెన్సీ అబ్లేషన్, అంటే వేడితో నరం కాల్చే చికిత్స, చేయించుకోమన్నారు. 90,000 దాకా అవుతుందట. హెల్త్ పాలసీ తీసుకుని 22 నెలలైంది. పాప ఇంజినీరింగ్ ఫీజు కోసం దాచిన 4 లక్షల ఎఫ్‌డీ ఉంది. అది తీసేయాలా, బంగారం తాకట్టు పెట్టాలా?

జవాబు: ఇప్పుడే రెండూ వద్దమ్మా. ముందు ఒకటి చెప్పండి, మీవారికి టెస్ట్ బ్లాక్ చేశారా? వెన్ను వెనకవైపు ఉండే చిన్న కీళ్ల నొప్పిని మెదడుకు మోసే సన్నటి నరాల దగ్గర మత్తుమందు ఎక్కించి, ఆ కొద్ది గంటలు నొప్పి బాగా తగ్గుతుందో లేదో చూస్తారు. తగ్గితేనే ఆ నరాలను కాల్చడంలో అర్థం ఉంది. డిస్క్ జారి కాలిలోకి గుంజే సయాటికా నొప్పికి పనికొచ్చే చికిత్స కాదిది. ఆ ఫలితం తెలియకముందే ప్యాకేజీకి అడ్వాన్స్ కట్టకండి.

ఇక డబ్బు లెక్క. దీన్ని మీరు ఒక్కసారి ఖర్చు అనుకుంటున్నారు. కాదు. సూది మొనను 80 డిగ్రీల దాకా వేడిచేసి నరాన్ని కాల్చినా అది మళ్లీ పెరుగుతుంది. ఉపశమనం సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది, కొందరికి ఇంకొంచెం ఎక్కువ. తర్వాత మళ్లీ చేయించుకోవాల్సి రావచ్చు. ఈసారి పాప ఫీజు డబ్బు తీస్తే, వచ్చేసారి ఏది తీస్తారు? షాపు ఆదాయంలోంచి నెలకు 5,000 రికరింగ్ డిపాజిట్ కట్టండి. ఏడాదికి 60,000 పైనే చేతిలో ఉంటుంది. నొప్పి తిరిగి రాకపోతే అదీ పాపకే. ఫిజియోథెరపీకి కూడా నెలనెలా కొంత పక్కన పెట్టండి. అన్నట్టు, నొప్పి తగ్గింది కదా అని ఆయన మళ్లీ సిమెంట్ బస్తాలు ఎత్తితే ఇదంతా దండగే. ఆ పనికి ఒక కుర్రాణ్ని పెట్టుకోండి, జీతం ఇచ్చినా మీకే లాభం.

మీ పాలసీ కాగితాల్లో వెయిటింగ్ పీరియడ్ జాబితా తీసి చూడండి, అంటే ఏ జబ్బుకు పాలసీ తీసుకున్న ఎన్నాళ్ల తర్వాతే క్లెయిమ్ ఇస్తారో. వెన్నెముక జబ్బులకు చాలా పాలసీల్లో 24 నెలలు ఉంటుంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ గరిష్ఠంగా 36 నెలల దాకా అనుమతిస్తుంది. మీది 24 అయితే మిగిలింది రెండు నెలలే. డాక్టర్ ఆగొచ్చంటే ఆగండి. ఈలోగా రెన్యువల్ తేదీ మాత్రం దాటనివ్వకండి. కాలు బలహీనపడినా, మూత్రం మీద అదుపు తప్పినా ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఈ చికిత్సకు 24 గంటలు అడ్మిట్ కానక్కర్లేదు, సాయంత్రానికి ఇంటికి పంపేస్తారు. అందుకే డే కేర్ (ఒక్కరోజులో ముగిసే ఆసుపత్రి చికిత్స) కింద వస్తుందా, ఓపీ (అడ్మిట్ కాకుండా చూపించుకోవడం) బిల్లు వేస్తారా అని ఆసుపత్రిని ముందే అడగండి. ఓపీ అయితే క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఎక్కువ. క్యాష్‌లెస్ అనుమతి, అంటే బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టేందుకు ఒప్పుకోలు, ముందుగా రాతలో తీసుకోండి. 2024 నిబంధనల ప్రకారం దరఖాస్తు అందిన గంటలోగా కంపెనీ జవాబివ్వాలి. నొప్పి ఎప్పుడు మొదలైందో ఉన్నదున్నట్టే రాయించండి. తేదీ మార్చమని సలహా ఇచ్చేవాళ్లు తగులుతారు, వినకండి. టెస్ట్ బ్లాక్ బిల్లులు, స్కాన్ రిపోర్టులు దాచుకోండి, ప్రీ హాస్పిటలైజేషన్ (ఆసుపత్రిలో చేరకముందు అయిన ఖర్చులు) కింద కొంత తిరిగి రావచ్చు.

ఇంత చేశాక కూడా జేబులోంచి కట్టాల్సి వస్తే, ఎఫ్‌డీ తీయకుండా దాని మీదే బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఎఫ్‌డీ హామీగా కావలసినంత వాడుకునే అప్పు, అడగండి. ఎఫ్‌డీ వడ్డీ కంటే సాధారణంగా ఒకటి రెండు శాతం మాత్రమే ఎక్కువ తీసుకుంటారు, అదీ వాడుకున్న మొత్తం మీదే. ఈ 90,000కి బంగారం దాకా పోనక్కర్లేదు.