ఇంటి ల్యాబ్: ర్యామ్ ముందు, ప్రాసెసర్ తర్వాత

ప్రశ్న: నెట్‌వర్కింగ్, వర్చువలైజేషన్ (ఒకే మెషిన్‌లో ఎన్నో వర్చువల్ మెషిన్లు నడపడం) రెండూ ఇంట్లోనే సాధన చేయాలనుకుంటున్నాను. పాత ర్యాక్ సర్వర్, వాడిన మినీ పీసీ దాదాపు ఒకే ధరకు దొరుకుతున్నాయి. సర్వర్‌లో కోర్లు ఎక్కువ. ఏది కొనమంటారు?

జవాబు: మినీ పీసీయే కొనండి. పాత సర్వర్ కొన్నప్పుడు చవకే, కరెంటు బిల్లు వచ్చినప్పుడు తెలుస్తుంది. ఏ పనీ లేకుండా ఉన్నా చాలా సర్వర్లు వంద వాట్ల చుట్టూ లాగుతాయి. మినీ పీసీకి పది, పదిహేను చాలు. తేడా 85 వాట్లనుకుంటే, రాత్రింబవళ్లు నడిపితే నెలకు 61 యూనిట్లు. సర్వర్ ఫ్యాన్ల హోరు పక్క గదిలోకీ వినిపిస్తుంది. సర్వర్ల రిజిస్టర్డ్ ర్యామ్ చవకని ఆశపడేవాళ్లుంటారు, కానీ అది మామూలు డెస్క్‌టాప్ బోర్డుల్లో పనిచేయదు. రేపు మెషిన్ మారిస్తే ఆ ర్యామ్ మూలన పడాల్సిందే.

డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ, ఈ మూడింటిలో ఐ5-8500టీ ఉన్నది చూడండి. ఆరు కోర్లు, 35 వాట్ల చిప్. హైపర్ థ్రెడింగ్ (ఒక్కో కోర్ రెండు కోర్లలా పనిచేయడం) లేదు, అయినా పర్వాలేదు. ఐ7కు పెట్టే అదనపు డబ్బు ర్యామ్ మీద పెట్టండి, ఎందుకంటే ల్యాబ్‌లో మొదట నిండుకునేది అదే.

లెక్క వేసి చూడండి. వర్చువల్ మెషిన్లను నడిపే ప్రాక్స్‌మాక్స్‌కు 2 జీబీ, ఫైర్‌వాల్‌కు 2, రెండు విండోస్ సర్వర్లకు చెరి 4, మూడు చిన్న లినక్స్ మెషిన్లకు 3. అక్కడికి 15 అయింది. ఇక నెట్‌వర్క్‌లను అనుకరించే ఈవీఈ-ఎన్‌జీ వర్చువల్ మెషిన్: దాని సొంతానికి 2, అర జీబీ చొప్పున ఆరు ఐఓఎస్‌వీ (సిస్కో వర్చువల్) రౌటర్లకు 3, ముప్పావు జీబీ చొప్పున నాలుగు స్విచ్‌లకు 3, సిస్కోదే పెద్ద వర్చువల్ రౌటర్ సీఎస్‌ఆర్ 1000వీ ఒక్కదానికే 4. మొత్తం 27. అంటే 16 జీబీ సరిపోదు, 32తో కాస్త ఊపిరాడుతుంది. 16 జీబీ స్టిక్‌లు రెండు వేయండి. ఒకటే వేస్తే డ్యూయల్ చానల్ (రెండు స్టిక్‌లనూ ఒకేసారి చదివే వేగం) పోతుంది.

ప్రశ్న: వాడిన మెషిన్ తీసుకునే ముందు ఏమేం చూడాలి?

జవాబు: ముందు బయోస్‌లోకి వెళ్లండి. పాస్‌వర్డ్ అడిగి, అమ్మేవాళ్లకు అది తెలియకపోతే వదిలేయండి. లోపలికి వెళ్లగలిగితే వర్చువల్ మెషిన్లు నడపడానికి కావలసిన వీటీ-ఎక్స్, వాటికి హార్డ్‌వేర్‌ను నేరుగా ఇచ్చే వీటీ-డీ రెండూ ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. ఏఎండీ మెషిన్లలో వీటీ-ఎక్స్‌కు బదులుండేది ఎస్‌వీఎం మోడ్ అన్న పేరుతో ఉంటుంది, తరచూ ఆఫ్‌లోనే ఉంటుంది.

తర్వాత అడాప్టర్. డెల్ మెషిన్లు అడాప్టర్ ఎవరిదో, ఎన్ని వాట్లదో ప్లగ్ మధ్యలోని సన్నని పిన్ ద్వారానే అడిగి తెలుసుకుంటాయి. జవాబు రాకపోతే బూట్ అయ్యేటప్పుడు అడాప్టర్ రకం తెలియట్లేదని హెచ్చరించి, ప్రాసెసర్ వేగాన్ని బాగా తగ్గించేస్తాయి. ఆ హెచ్చరికను పట్టించుకోకుండా దాటేసి, తర్వాత మెషిన్ నత్తనడక నడుస్తోందని ప్రాసెసర్‌ను తిట్టుకోవద్దు.

ప్రశ్న: ప్రాసెసర్ వాడకం పది శాతం దాటదు. అయినా వర్చువల్ మెషిన్లు పాకుతున్నాయి.

జవాబు: ప్రాక్స్‌మాక్స్‌లో నోడ్ సమ్మరీ పేజీ తెరిచి ఐఓ డిలే (డిస్క్ కోసం ప్రాసెసర్ ఎదురుచూసే సమయం) చూడండి. అది పెరుగుతూ, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్క్ మీద వాడే చోటు) కూడా నిండుతుంటే ర్యామ్ చాలట్లేదు. స్వాప్ ఖాళీగా ఉండి ఐఓ డిలే మాత్రమే ఎక్కువుంటే తప్పు డిస్క్‌ది. సొంత డీర్యామ్ మెమరీ లేని చవక క్యూఎల్‌సీ (ఒక్కో సెల్‌లో నాలుగు బిట్లు ఇరికించే) ఎస్‌ఎస్‌డీ, దాని మీద జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్: ఈ జోడీ చిన్నచిన్న సింక్ రైట్లకు (డిస్క్ మీద పడిందని తేలేదాకా ఆగే రాతలకు) ఉక్కిరిబిక్కిరవుతుంది. ఒకే డిస్క్ ఉన్నప్పుడు ప్రాక్స్‌మాక్స్‌లోని తేలికైన స్టోరేజ్ పద్ధతి ఎల్‌వీఎం-థిన్ చాలు. జెడ్‌ఎఫ్‌ఎసే కావాలంటే అది ర్యామ్‌లో దాచుకునే ఏఆర్‌సీ క్యాష్‌కు పరిమితి పెట్టండి. ప్రాక్స్‌మాక్స్ 8.1కి ముందు ఇన్‌స్టాల్ చేసినవాటిలో అది సగం ర్యామ్ దాకా తీసుకోగలదు.

ప్రశ్న: మినీ పీసీకి ఈథర్నెట్ పోర్టు ఒక్కటే. వీల్యాన్‌లు (ఒకే తీగ మీద విడివిడి నెట్‌వర్క్‌లు) ఎలా? స్విచ్ కొన్నాను గానీ, వీల్యాన్ 20లో పెట్టిన ల్యాప్‌టాప్‌కు ఇంటి రౌటర్ అడ్రసే వస్తోంది.

జవాబు: ఒక్క పోర్టు చాలు. ప్రాక్స్‌మాక్స్ బ్రిడ్జికి (లోపలి వర్చువల్ స్విచ్‌కు) వీల్యాన్ అవేర్ టిక్ పెట్టి, దాన్ని కలిపిన స్విచ్ పోర్టులో వీల్యాన్ 10, 20లను ట్యాగ్డ్‌గా (ప్రతి ఫ్రేముకూ, అంటే డేటా పొట్లానికి, వీల్యాన్ నంబరు తగిలించి) ఇవ్వండి. ఫైర్‌వాల్ వర్చువల్ మెషిన్ ఆ రెండింటి మధ్య రౌట్ చేస్తుంది. గిగాబిట్ పోర్టులో వచ్చే ట్రాఫిక్, పోయే ట్రాఫిక్ వేర్వేరు దారుల్లో నడుస్తాయి కాబట్టి సాధనకు ఇబ్బంది ఉండదు.

ఇక మీ ఇబ్బంది పీవీఐడీది. ల్యాప్‌టాప్ పోర్టును 20లో అన్‌ట్యాగ్డ్ చేస్తే, స్విచ్ బయటికి పంపే ఫ్రేములకు మాత్రమే అది వర్తిస్తుంది. లోపలికొచ్చే ట్యాగ్ లేని ఫ్రేములు ఏ వీల్యాన్‌కు పోవాలో చెప్పేది పీవీఐడీ. అది 1గానే ఉంటే ల్యాప్‌టాప్ అడ్రస్ కోసం పంపే డీహెచ్‌సీపీ అభ్యర్థన వీల్యాన్ 1లోకి పోయి, ఇంటి రౌటర్ జవాబిస్తుంది. పీవీఐడీని 20 చేయండి, ఆ పోర్టును వీల్యాన్ 1 నుంచి తీసేయండి. ఈ మార్పులన్నీ మీరు స్విచ్‌లోకి లాగినైన పోర్టును కదపకుండా చేయండి. లేదంటే బయట చిక్కుకుపోయి, రీసెట్ బటన్‌లోకి పిన్ను గుచ్చాల్సి వస్తుంది.

ప్రశ్న: యూఎస్‌బీ ఈథర్నెట్ అడాప్టర్ పెట్టుకోవచ్చా?

జవాబు: ల్యాబ్‌కు ఓకే. ఇంటిల్లిపాదీ వాడే ఇంటర్నెట్‌ను మాత్రం దాని మీద ఆధారపడనివ్వకండి. ప్రాక్స్‌మాక్స్ బదులు వీఎంవేర్ ఈఎస్‌ఎక్స్‌ఐ వాడేవాళ్లు పీసీఐ కార్డయినా ఇంటెల్‌దే చూసుకోవాలి, దాని చాలా వెర్షన్లలో రియల్‌టెక్ డ్రైవర్లు రావు.

ప్రశ్న: ప్రాక్స్‌మాక్స్‌లో ఈవీఈ-ఎన్‌జీ తెరుచుకుంటోంది, లోపలి రౌటర్లు మాత్రం స్టార్ట్ కావట్లేదు.

జవాబు: ఆ వర్చువల్ మెషిన్ హార్డ్‌వేర్ పేజీలో ప్రాసెసర్ రకాన్ని హోస్ట్‌గా మార్చండి, అప్పుడే లోపలికి వీటీ-ఎక్స్ అందుతుంది. తర్వాత లోపల్నుంచి రీబూట్ చేస్తే సరిపోదు. షట్‌డౌన్ చేసి మళ్లీ స్టార్ట్ చేయాలి.