పార్శిల్ రాకముందే వాయిదా వచ్చేస్తోంది

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. నేనూ మా ఆవిడా ఏడాదిగా గ్రీస్‌లో, కలమాటా దగ్గర ఒక పల్లెలో ఉంటున్నాం. డిజిటల్ నోమాడ్ అనుమతి (వేరే దేశపు కంపెనీకి ఆన్‌లైన్‌లో పని చేస్తూ ఇక్కడ ఉండేందుకు ఇచ్చేది) మీద ఒక జర్మనీ కంపెనీకి కాంట్రాక్టు పని చేస్తున్నాను. పన్నులు పోను నెలకు 4,400 యూరోలు. ఇండియాకు 1,700 పంపుతాను (రూపాయల్లో ఫ్లాట్ ఈఎంఐ 1.10 లక్షలు, సిప్‌లు 60 వేలు). ఇక్కడి ఖర్చు 1,500. ఆన్‌లైన్‌లో కొన్నవాటి వాయిదాలు 640, ఇంకా 2,900 కట్టాలి. బ్యాంకులో 1,100 ఉన్నాయి. హైదరాబాద్‌లో మా బ్యాంకు 8 లక్షల పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. అది తీసుకుని వాయిదాలు తీర్చేసి, మిగిలిన దాంతో సెకండ్ హ్యాండ్ కారు కొనవచ్చా?

జవాబు: వద్దు. 13 శాతం వడ్డీకి మూడేళ్లకు తీసుకున్నా నెలకు దాదాపు 27 వేలు కట్టాలి. వడ్డీ లేని వాయిదాలు తీర్చడానికి వడ్డీకి అప్పు తేవడం ఏం లెక్కండీ?

బయటి దేశాల్లో ఉన్న మనవాళ్ల దగ్గర నుంచి ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తుంటాయి. ఊళ్లో ఫ్లాటు, సిప్‌లు అన్నీ ఉంటాయి. ఉంటున్న చోట మాత్రం నెల గడవడానికి సరిపడా డబ్బుండదు. మీ సంగతి ఇంకాస్త ప్రమాదం. మీ అనుమతికి పన్నులు పోను నెలకు 3,500 యూరోలు, భార్య ఉంటే మరో 20 శాతం, అంటే 4,200 రాబడి చూపించాలి. మీకున్న తేడా 200. కాంట్రాక్టు ఆగితే జీతంతో పాటు అక్కడ ఉండే అర్హతకే ఎసరొస్తుంది. గ్రీస్ కంపెనీలో చేరదామన్నా ఈ అనుమతి మీద కుదరదు. చేబదులు అడగడానికి పక్కింట్లో బాబాయి కూడా ఉండడు.

కాబట్టి ముందు అత్యవసర నిధి. అక్కడి ఖర్చు 1,500, ఈఎంఐ 1,100 కలిపి 2,600. ఆరు నెలలకు 15,600 యూరోలు. మీ దగ్గరున్నది రెండు వారాలకు కూడా రాదు. సిప్‌లు ఆపండి. బాధగానే ఉంటుంది, అయినా ఆపండి. ఆ సిప్‌ల 600 యూరోలు కాక, మీ లెక్కలో ఎటు పోతోందో రాయని 560లో 400 పక్కన పెట్టండి. ఐదు నెలల్లో వాయిదాలు అయిపోతాయి, అప్పుడు ఆ 640 కూడా కలుస్తుంది. ఏడాది లోపే నిధి పూర్తవుతుంది. ఇందులో సగమైనా యూరోల్లో, అడిగిన రోజే చేతికొచ్చే ఖాతాలో ఉండాలి. అమ్మకో నాన్నకో బాగాలేదని ఫోనొస్తే ఏథెన్స్ నుంచి అప్పటికప్పుడు రెండు టికెట్లు దీంతోనే కొనాలి.

ఇక షాపింగ్. మీరు పంపిన జాబితాలో తేమ లాగే యంత్రం ఉంది, సరే, రాతి ఇంట్లో చలికాలం అది లేకపోతే గోడలు బూజు పడతాయి. కాఫీ మెషీన్ ఎందుకు? కొరియర్ అతను మీ పార్శిళ్లు వదిలి వెళ్లేదే ఊళ్లోని కఫెనియోలో (కాఫీ కొట్టులో) అని మీరే రాశారు. లండన్ షాపులో కొన్న కుక్కర్‌కు 24 శాతం వ్యాట్, పైన కొరియర్ వాళ్ల క్లియరెన్స్ ఫీజు కట్టారు. గ్రీస్ ఆన్‌లైన్ షాపింగ్ సైటు స్క్రూట్జ్‌లో వెతికి ఉంటే ఆ రెండో ఖర్చు ఉండేది కాదు. వెనక్కి పంపాలంటే సరుకు చేతికొచ్చాక 14 రోజులు గడువుంటుంది. మీ హీటర్ విషయంలో అది దాటిపోయింది, వాయిదా మాత్రం ఇప్పటికీ నడుస్తోంది. అమ్మగారు పంపే పార్శిల్ విలువ 45 యూరోలు దాటితే దానికీ పన్ను పడుతుంది. ఆవకాయ సరే, నెయ్యి మాత్రం పెట్టొద్దనండి, బయటి నుంచి పాల పదార్థాలను ఈయూలోకి రానివ్వరు.

వీసా కోసం తీసుకున్న ఆరోగ్య బీమా ఆసుపత్రికి నేరుగా చెల్లిస్తుందో, మీరు కట్టాక తిరిగిస్తుందో ఈ వారమే చూసుకోండి. రెండోదైతే నిధి ఇంకా పెద్దదిగా ఉండాలి. ఫ్లాటు అప్పుకు సరిపడా టర్మ్ పాలసీ లేకపోతే తీసుకోండి.

కారు వచ్చే ఏడాది, నిధి నిండాక, రొక్కం పెట్టి కొనండి. అందాకా కలమాటాకు కేటెల్ (ఊళ్ల మధ్య తిరిగే) బస్సు ఉంది.