పిల్లల చదువు గమనికలు: ఫోన్‌లో ఎంత, పుస్తకంలో ఎంత?

ప్రశ్న: మాది ఏకోపాధ్యాయ పాఠశాల. ఒకటి నుంచి అయిదు వరకు కలిపి 23 మంది పిల్లలు. హాజరు, మధ్యాహ్న భోజనం, పరీక్షల మార్కులు శాఖ వారి యాప్‌లలో ఎలాగూ నింపుతున్నాను. అయినా ఫలానా పిల్లకు ఏది వచ్చింది, ఏది రాలేదు అని ఎవరైనా అడిగితే తడుముకుంటున్నాను. రోజూ గమనించినది నమోదు చేసుకోవడానికి మంచి యాప్ ఏదైనా చెప్పగలరా? మా ఊళ్ళో సిగ్నల్ అంతంత మాత్రమే.
— ఒక ఉపాధ్యాయురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: శాఖ యాప్‌లు నింపుతున్నా మీకు ఈ తడుములాట తప్పకపోవడానికి కారణం మీ అశ్రద్ధ కాదు. పైకి వెళ్ళే లెక్కకు కావలసినది వేరు, రేపు ఉదయం మీరు ఏ పిల్ల పక్కన కూర్చోవాలో తేల్చుకోవడానికి కావలసినది వేరు. మార్కు వేసిన క్షణంలోనే ఆ తప్పు ఎలాంటిదన్న సంగతి చెరిగిపోతుంది. మూడో తరగతిలో 52 నుంచి 27 తీసివేయమంటే ఒక పిల్ల 35 అని, పక్క పిల్లవాడు 24 అని రాశారనుకోండి. ఇద్దరికీ సున్నాయే. కానీ ఆ పిల్ల ఒకట్ల స్థానంలో రెండులోంచి ఏడు పోదు కనుక ఏడులోంచే రెండు తీసేసింది. ఆమెకు పుల్లల కట్ట విప్పి, పది ఎలా ఒకట్లుగా మారుతుందో చేతికిచ్చి చూపించాలి. పిల్లవాడికి పదులు తెచ్చుకోవడం వచ్చు. పన్నెండు నుంచి వేళ్ళ మీద వెనక్కి లెక్కపెట్టేటప్పుడు ఎక్కడో ఒక వేలు ఎక్కువైంది, అంతే. వాడికి కట్టలతో పని లేదు.

కాబట్టి కొత్త యాప్ కోసం వెతకకండి. మీ ఫోన్‌లోని గూగుల్ షీట్స్ చాలు. ఆ షీటును ఆఫ్‌లైన్‌లో అందుబాటులో ఉండేలా ఒకసారి గుర్తుపెట్టుకుంటే, సిగ్నల్ లేనప్పుడు రాసినవి నెట్ దొరకగానే వాటంతట అవే జమ అవుతాయి. పిల్లల పేర్లు ఒక పక్క, సామర్థ్యాలన్నీ పైన వరుసగా పెట్టి గళ్ళలో టిక్కులు కొట్టే పట్టిక మాత్రం వేయకండి. నేను అలాంటిదే 42 నిలువు వరుసలతో ఒకసారి తయారుచేశాను. చూడడానికి ముచ్చటగా ఉండేది కానీ, రెండు వారాలకే మూలపడింది. మీ షీటులో వరుసకు ఒక పిల్లవాడు కాకుండా వరుసకు ఒక గమనిక ఉండాలి: తేదీ, పేరు, అంశం, చూసినది, రేపు చేయవలసినది. అయిదే అయిదు గడులు. ‘తీసివేత రాదు’ అని కాదు, ‘52-27కు 35 అని రాసింది’ అని ఉన్నది ఉన్నట్టు రాయాలి. నెట్ ఉన్న చోట తెలుగు వాయిస్ టైపింగ్‌తో చెప్పేస్తే పని ఇంకా తేలిక. తరగతి నడుస్తుండగా ఫోన్ తీయడం మీకు నచ్చకపోతే చిత్తు పుస్తకంలో రెండు ముక్కలు గీసుకొని, బడి వదిలాక ఎక్కించుకోండి. నేనైతే అలాగే చేస్తాను.

రోజుకు నలుగురు చొప్పున గమనిస్తే ఆరు పనిదినాల్లో మీ 23 మందీ ఒక చుట్టు పూర్తవుతారు. షీటు అసలు ఉపయోగం తెలిసేది నెలాఖరులో. పేరు మీద ఫిల్టర్ పెడితే ఒక పిల్ల కథ అంతా వరుసగా కనిపిస్తుంది. కౌంట్‌ఇఫ్ సూత్రంతో ఏ పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కిస్తే, అల్లరి పిల్లలూ బాగా చదివే పిల్లలూ పదేసి సార్లు, మధ్యలో నోరు మెదపకుండా కూర్చునే పిల్లలు ఒక్కసారో, అసలు లేకుండానో తేలతారు. మన చూపు ఎటు పోతుందో మనకే చూపించే ఈ లెక్క కాస్త ఇబ్బంది పెడుతుంది కానీ, నా దృష్టిలో ఈ శ్రమంతటికీ ఫలితం అదే.

చదవడం విషయంలో స్థాయిలు పెట్టుకోవాలంటే, పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూడడానికి ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వే పద్ధతి అందరికీ అందుబాటులో ఉంది. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ చదివించి, పిల్ల ఎక్కడ ఆగిందో చూస్తారు. తెలుగు బడిలో ‘పదాలు’ అనే మెట్టు ఒక్కటే చాలదు. ‘పలక’ గడగడా చదివిన పిల్ల ‘గోడ’ దగ్గర గుణింతం తడుముకుంటుంది, ‘అమ్మ’ను ‘అమ’ అంటుంది, ‘పుస్తకం’ దగ్గర పూర్తిగా ఆగిపోతుంది. అందుకని ఆ మెట్టును సరళ పదాలు, గుణింత పదాలు, ద్విత్వాలు, సంయుక్తాక్షరాలుగా విడగొట్టుకోండి. జూన్‌లో ఒక నిమిషం చదివించి ఫోన్‌లో రికార్డు చేయండి, సెప్టెంబరులో మళ్ళీ చేయండి. చదువురాని తల్లికి ప్రగతి పత్రం చూపించేకంటే ఆ రెండూ పక్కపక్కన వినిపించి చూడండి.

ప్రశ్న: ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. సెక్షన్‌కు 38 మంది. ‘అర్థమైందా?’ అంటే అందరూ ‘అర్థమైంది సార్’ అంటారు. పిల్లల దగ్గర ఫోన్లు ఉండవు. అప్పటికప్పుడు నిజం తెలుసుకునే మార్గం ఉందా?
— ఒక స్కూల్ అసిస్టెంట్, హనుమకొండ

జవాబు: ఉంది. ప్లికర్స్ అనే యాప్‌కు ఫోన్ మీ ఒక్కరి దగ్గర ఉంటే సరిపోతుంది. పిల్లలకు మామూలు కాగితం మీద ముద్రించిన కార్డులు ఇస్తారు. ప్రతి కార్డు మీదా ఒక్కో రకం నల్లటి ఆకారం, నాలుగు అంచుల్లో నాలుగు జవాబుల గుర్తులు ఉంటాయి. తాను అనుకున్న జవాబు పైకి వచ్చేలా పిల్లవాడు కార్డు పట్టుకుంటాడు. మీరు కెమెరా తరగతి మీదుగా తిప్పితే ఎవరు ఏది ఎంచుకున్నారో తెలిసిపోతుంది. గుర్తులు చిన్నవి, ఆకారాలు వేరువేరు కావడం వల్ల పక్కవాడిది చూసి తిప్పుకోవడం కష్టం. కార్డులకు మెరిసే లామినేషన్ చేయిస్తే వెలుగు పడి కెమెరాకు సరిగా అందకపోవచ్చు. నల్లటి భాగం మీద వేళ్ళు పెట్టవద్దని మొదటి రోజే చెప్పాలి.

అయితే పని చేసేది కార్డు కాదు, మీరు ఇచ్చే తప్పు జవాబులు. ‘0.35, 0.4లలో ఏది పెద్దది?’ అని అడిగితే 0.35 అన్నవారు దశాంశ బిందువు తరువాత ఉన్నదాన్ని 35, 4 అని పూర్ణాంకాల్లా చదువుతున్నారని అర్థం. ఒక్కొక్క తప్పు జవాబు వెనుక ఒక్కొక్క పొరపాటు ఉండేలా ప్రశ్న రాయడానికి ఇంట్లో అరగంట పడుతుంది. పీరియడ్‌కు అలాంటి ప్రశ్న ఒక్కటి చాలు.

ప్రశ్న: మా అబ్బాయి నాలుగో తరగతి. ఎవరు ఏ స్థాయిలో చదువుతున్నారో పేర్లతో సహా జాబితా తయారుచేసి, టీచర్ తరగతి వాట్సాప్ గ్రూపులో పెడుతున్నారు. ఇది సరైనదేనా?
— ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: కాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్ళ లోపు వారందరినీ పిల్లలుగానే పరిగణిస్తుంది, వారి వివరాల విషయంలో తల్లిదండ్రుల సమ్మతికి ప్రాధాన్యం ఇస్తుంది. చట్టం సంగతి అటుంచినా, ‘అక్షరాల స్థాయి’ అని పేరు పక్కన రాసి ఉన్న పిల్లవాడు మర్నాడు బడికి ఏ ముఖంతో వస్తాడు? టీచర్‌గారితో విడిగా, గ్రూపులో కాకుండా, మాట్లాడండి. మీ అబ్బాయి వివరాలు మీకు మాత్రమే పంపమని అడగండి. ఆ జాబితా ఆయనకు అవసరమే, దాన్ని తయారుచేసినందుకు తప్పుపట్టకండి. ఉపాధ్యాయులకు కూడా ఒక మాట: పైన చెప్పిన గమనికల షీటులో కూడా పేర్లకు బదులు వరుస సంఖ్యలు వాడి, ఫోన్‌కు లాక్ పెట్టుకొని, పిల్లల రికార్డింగులను ఏడాది చివర తల్లిదండ్రులకు వినిపించాక తీసేయండి.