చెయ్యి చూపితే కారు ఆగదు

అమెరికాకు చదువుకోవడానికి వచ్చే పిల్లలు మొదటి వారంలోనే అడుగుతారు: "సిగ్నల్ లేని చోట రోడ్డు దాటితే జరిమానా వేస్తారటగా, నిజమేనా?" దీన్ని ఇక్కడ జేవాకింగ్ అంటారు. జరిమానా సంగతి మీరున్న రాష్ట్రాన్ని, ఊరిని బట్టి ఉంటుంది. కాలిఫోర్నియాలో 2023 జనవరి 1 నుంచి, వాహనం గుద్దేసే ప్రమాదం కళ్లెదుట ఉంటే తప్ప పోలీసులు ఇందుకోసం ఎవరినీ ఆపకూడదు. వర్జీనియా అంతకు ముందే సడలించింది, న్యూయార్క్ నగరం 2024లో చట్టం మార్చుకుంది. చాలా చోట్ల పాత నిబంధనలే ఉన్నాయి.

కానీ నాకు భయం జరిమానా గురించి కాదు. 2022లో ఈ దేశంలో 7,500 మందికి పైగా పాదచారులు వాహనాలు ఢీకొని చనిపోయారు. వారిలో ప్రతి నలుగురికి దాదాపు ముగ్గురు చీకటిపడ్డాక పోయినవారే.

మనం ఇండియాలో రోడ్డు దాటడం ఒక రకంగా నేర్చుకున్నాం. చెయ్యి చూపిస్తూ ఒక్కో వరుస దాటుకుంటూ వెళతాం, వాహనాలు నెమ్మదించి పక్కకు తప్పుకుంటాయి. అక్కడ డ్రైవర్ మన కోసం చూస్తూనే ఉంటాడు. ఇక్కడి పెద్ద రోడ్ల మీద మధ్యలో మనిషి ఉంటాడన్న ఊహే డ్రైవర్‌కు ఉండదు. ఒకసారి లెక్క వేసి చూడండి. ఆరు లేన్ల రోడ్డు దాటాలంటే మామూలు నడకకు సుమారు పద్దెనిమిది సెకన్లు కావాలి. గంటకు 45 మైళ్ల వేగంతో వచ్చే కారు సెకనుకు 20 మీటర్లు పోతుంది. అంటే మీరు అడుగు వేసేటప్పుడు 360 మీటర్ల దూరంలో చిన్న చుక్కలా కనిపించిన హెడ్‌లైట్లు మీరు అవతలి గట్టు ఎక్కేలోపే మీ దగ్గరికి వచ్చేస్తాయి. అంత దూరంలో కారు వేగాన్ని కంటితో అంచనా వేయడం ఎవరివల్లా కాదు.

ఇంకొకటి, ఇక్కడ వాహనాలు కుడివైపున నడుస్తాయి. రోడ్డు దిగగానే మొదటి ప్రమాదం ఎడమవైపు నుంచి వస్తుంది. మన మెడ మాత్రం అలవాటు కొద్దీ కుడికి తిరుగుతుంది. ఇది మారడానికి నాకు నెలలు పట్టింది.

సిగ్నల్ దగ్గర దాటితే చాలని కూడా అనుకోకండి. నేను వచ్చిన రెండో వారంలో నడిచే మనిషి బొమ్మ వెలగగానే క్రాస్‌వాక్‌లో, అంటే పాదచారులు దాటడానికి గీతలు గీసిన చోట, అడుగుపెట్టాను. పక్కనే ఒక కారు కుడివైపు తిరగడానికి ఆగి ఉంది. ఎర్ర లైటు ఉన్నా, ఆగి చూసుకుని కుడివైపు తిరగడానికి ఇక్కడ చాలా చోట్ల అనుమతి ఉంది. ఆ డ్రైవర్ ముఖం పూర్తిగా ఎడమకు తిరిగి ఉంది, వచ్చే కార్ల మధ్య సందు కోసం చూస్తున్నాడు. నేను ఎదురుగానే ఉన్నా ఒక్కసారి కూడా నావైపు చూడలేదు. కారు కదిలింది. బంపర్ నా భుజాన వేలాడుతున్న సంచిని రాసుకుంటూ పోయింది. తప్పు అతనిదే, హక్కు నాదే. ఒక్క అడుగు ముందున్నా నా కాలు విరిగేది. ఆనాటి నుంచి డ్రైవర్ కళ్లు నన్ను చూశాయని తెలిస్తేనే కారు ముందు అడుగు వేస్తాను.

ఒక లేన్‌లో కారు ఆగి మీకు దారి ఇచ్చినా, పక్క లేన్‌లోని కారు ఆగిందో లేదో ఆ అంచున నిలబడి చూసుకోండి. ఆగిన కారు చాటున మీరు రెండో డ్రైవర్‌కు కనిపించరు. ఫోను జేబులో పెట్టుకోండి, చెవిలోవి తీసేయండి. చలికాలంలో ఐదు గంటలకే చీకటిపడే ఊళ్లలో నల్ల కోటు వేసుకుంటే ఫోను టార్చి అయినా వెలిగించి నడవండి. ఫుట్‌పాత్ లేని రోడ్డు అయితే ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా ఎడమ అంచున నడవాలి.

అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఇవన్నీ నోటితో చెబితే సరిపోదు. మొదటి సాయంత్రమే దగ్గరుండి కూడలికి తీసుకెళ్లండి, రోడ్డు దాటే సిగ్నల్ కోసం నొక్కే బటన్ వాళ్ల చేతనే నొక్కించండి. చెయ్యి గుర్తు మిణుకుమిణుకుమంటుంటే కొత్తగా బయలుదేరకూడదని, అప్పటికే మధ్యలో ఉంటే దాటేయాలని చూపించండి. మోకాళ్ల నొప్పులతో నెమ్మదిగా నడిచేవారైతే సిగ్నల్‌లో మిగిలిన సెకన్లు చూపే అంకెలు అప్పటికే సగానికి వచ్చేస్తే పరుగెత్తించకండి, తరువాతి సిగ్నల్ వరకు వాళ్లతో పాటే గట్టు మీద నిలబడండి.