కీళ్లవాతం ఉన్నవారు మోటారు సైకిల్ నడపవచ్చా?

బ్రేకును, క్లచ్‌ను సకాలంలో గట్టిగా నొక్కగలిగినంత వరకు కీళ్లవాతం ఉన్నవారు మోటారు సైకిల్ నడపవచ్చు. కీళ్లు వాచి, చేతిపట్టు జారుతున్న రోజున మాత్రం నడపకూడదు. బండి మీద శరీరం బరువును చాలావరకు సీటే మోస్తుంది కనుక, మెట్లెక్కేటప్పుడు పడేంత భారం మోకాళ్ల మీద పడదు. నొప్పికి అసలు కారణం వేరు: మోకాలు చాలాసేపు ఒకే వంపులో కదలకుండా ఉండడంతో కీలు బిగుసుకుపోతుంది, క్లచ్‌ను మాటిమాటికీ నొక్కడంతో బొటనవేలి మొదలు, మణికట్టు ఒత్తిడికి గురవుతాయి.

ఉదాహరణకు, నెల్లూరు నుంచి ఒంగోలుకు సుమారు 120 కిలోమీటర్లు జాతీయ రహదారి మీద వెళ్లేవారికి క్లచ్‌తో పని తక్కువే గాని మోకాళ్లు పట్టేస్తాయి; కావలిలోనూ, సింగరాయకొండలోనూ తప్పక దిగి, నాలుగడుగులు నడిచి, మళ్లీ ఎక్కాలి. నెల్లూరు ట్రంకు రోడ్డు రద్దీలో రోజూ తిరిగేవారికైతే చేతులే ముందు నొస్తాయి, వారికి గేర్లు లేని స్కూటర్ ఎంతో మేలు.

బండి మీద చలిగాలి తగలడం వల్లే కీళ్లవాతం వస్తుందని చాలామంది నమ్ముతారు, అది పొరపాటు. చలి ఉన్న నొప్పిని, బిగుతును పెంచవచ్చు గాని వ్యాధిని పుట్టించదు. మోకాళ్లలో గుజ్జు అరగడానికి వయసు, అధిక బరువు, పాత దెబ్బలు, వంశపారంపర్యం ముఖ్య కారణాలు.