ఇగం వెట్టే రాత్రులు, పసిపిల్లల పక్క

ప్రశ్న: అక్కా, మాది దేవరకొండ దగ్గర ఊరు. రెండు రూముల రేకుల ఇల్లు, కింద బండలు. పెద్దోనికి నాలుగేండ్లు, బిడ్డకు ఏడో నెల నడుస్తున్నది. డిసెంబర్ వచ్చిందంటే తెల్లారుజామున ఇగం వెడ్తది, పెద్దోడు చెద్దరు తన్నేసి ముడుచుకొని పంటడు, బిడ్డ చేతులు చల్లగైతయి. మా ఆయన హీటర్ కొందామంటున్నడు. మా అత్తమ్మ బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు మూస్తే సాలు, మా పిల్లలను గట్లనే పెంచినం అంటది. హీటర్ అంటే బిల్లు భయం, కుంపటి అంటే పొగ భయం. ఏం చేయమంటవు?
– ఒక తల్లి, దేవరకొండ మండలం

జవాబు: చెల్లె, ముందు కుంపటి ముచ్చట తేల్చుకుందాం, మిగతావన్నీ రేపు ఎల్లుండి చేసుకోవచ్చు గని ఇది మాత్రం ఈ రాత్రే బంద్ కావాలె. బొగ్గులు కాలితే కార్బన్ మోనాక్సైడ్ అనే గ్యాస్ వస్తది, దానికి రంగు లేదు, వాసన లేదు, బొగ్గులు ఎర్రగ కణకణమంటూ పొగ అస్సలు లేకపోయినా అది వస్తనే ఉంటది. మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు మించి గట్టిగ పట్టుకుంటది. నిద్రలో ఉన్నోళ్లకు తెల్వనే తెల్వది, దగ్గు రాదు, మెలకువ రాదు, పెద్దోళ్ల కంటే ముందు పిల్లల మీదనే దెబ్బ పడ్తది. మీ అత్తమ్మ చెప్పింది అబద్ధం కాదు, ఆమె పిల్లలను పెంచిన ఇండ్లకు పెంకుల నడుమ సందులుండె, చూరు కింద గాలి ఆడుతుండె, గ్యాస్ బయటికి పోతుండె. ఇప్పుడు మన రూములు గట్ల లేవు. ఈ మాట ఆమెకు నెమ్మదిగ చెప్పు, మనుమల మీద ప్రేమ ఉన్న మనిషి ఇంటది. సాయంత్రం వాకిట్ల మంట వేసుకొని అందరు చలి కాగండి, పిల్లలను పొగ తగలకుండ ఇవతల ఒళ్లో కూసోబెట్టుకోండి, పండేటప్పుడు మాత్రం నిప్పు ఇంట్లకు రావద్దు, ఆర్పిన బొగ్గులు కూడా.

హీటర్ లెక్క చూద్దాం. 1000 వాట్ల హీటర్ గంటకు ఒక యూనిట్ తింటది, రాత్రి పది నుంచి పొద్దున ఐదు దాకా అంటే ఏడు యూనిట్లు, నెలకు 210. గృహజ్యోతి కింద జీరో బిల్లు 200 యూనిట్ల దాకనే గదా, అంటే ఫ్యాను, ఫ్రిజ్, టీవీ లెక్కలో లేకుండనే ఒక్క హీటరే గీత దాటిస్తది. పైగా రేకుల ఇంట్ల ఆ వేడి నిలువది, రేకు పల్చగ ఉంటది, ఆకాశం నిర్మలంగ ఉన్న రాత్రి అదే ముందు చల్లబడ్తది, మీరు వేడి చేసిన గాలి పైకి పోయి రేకుకు తగిలి చల్లారుతనే ఉంటది. అందుకే నా మాట, రూమును వేడి చేసే ఆలోచన ఇడ్సిపెట్టి పిల్లల పక్కను వెచ్చగ చేయండి. పిల్లల ఒంట్లనే కావాల్సినంత వేడి ఉంటది, దాన్ని పోనీయకుండ ఆపితే సాలు, దీనికి పైసల ఖర్చు కూడా లేదు.

ఎక్కువమంది చేసే పొరపాటు ఏందంటే మీద రెండు మూడు కప్పి కింద ఒక చాప వేసి ఊకుంటరు. బండ రాత్రంతా కింద నుంచి వేడి గుంజుకుంటనే ఉంటది, మీద మింక్ రగ్గు కప్పినా నడుము కింద చల్లగనే ఉంటది. నవారు మంచమో నులక మంచమో అయితే కింద నుంచి గాలి కొడ్తది, అది ఎండాకాలానికి హాయి, చలికాలానికి కాదు. కాబట్టి పెద్దోని పక్క కిందికెల్లి మొదలుపెట్టు. బియ్యం గోనె సంచులు దులిపి ఎండబెట్టి రెండు మూడు పరువు, దాని మీద చాప, దాని మీద పాత చీరల బొంత, రెండుంటే రెండూ వెయ్యి. పక్క తడిపే పిల్లగాడైతే పై బొంత కింద ఒక రబ్బరు షీట్ వెయ్యి, కింది పొరలు పొడిగుంటయి, రాత్రి పై బొంత ఒక్కటి మారిస్తే అయిపోతది. తడి పక్కలో ఒక గంట పంటే పిల్లల ఒళ్లు ఎంత చల్లబడ్తదో చేయి పెట్టి చూస్తే నీకే తెలుస్తది.

బొంతలు, పరుపు పగటిపూట ఎండలో వెయ్యడం మర్వకు. మన దిక్కు చలికాలంలో కూడా మధ్యాహ్నం ఎండ మంచిగనే కొడ్తది. రాత్రి చెమటకు, మంచుకు దూది అణిగిపోతది, ఎండకు ఆ తేమ పోయి పొంగుతది, పొంగిన దూదిలో గాలి నిలుస్తది, ఆ నిలిచిన గాలే వెచ్చదనం. అయితే నాలుగు గంటలకల్లా లోపలికి తెచ్చేయి, పొద్దుగూకేదాక ఉంచితే మళ్ల తేమ పడ్తది. కిటికీలు కూడా అప్పుడే వెయ్యాలె, చీకటి పడ్డంక వేస్తే లోపల ఉన్న వేడి అప్పటికే పోయింటది. దర్వాజ కింది సందుకు పాత చీర మడతపెట్టి అడ్డం పెట్టు, పైన ఒక చిన్న జాలీ మాత్రం తెరిచే ఉంచు, నలుగురు పండే రూముకు గాలి కావాలె. పక్క బయటి గోడకు ఆనిచ్చి వెయ్యకు, జానెడో మూరెడో ఇవతలికి జరుపు.

ఇగ చెద్దరు తన్నేసుడు. పిల్లలు ఊకెనే తన్నరు, తొమ్మిది గంటలకు పండవెట్టేటప్పుడు మనం తెల్లారుజాము చలిని తల్చుకొని అన్నీ ఒక్కసారే కప్పుతం, వాడికి ఉక్కపోస్తది, చెమట పడ్తది, తన్నేస్తడు, ఆ చెమట బట్టలతోనే మూడు నాలుగు గంటలకు చలికి దొరుకుతడు. పండేటప్పుడు ఒక్క పల్చటి చెద్దరే కప్పు, దాని కాళ్ల దిక్కు అంచు బొంత కింద దోపు. రాత్రి బిడ్డకు పాలియ్యడానికి ఎట్లాగు లేస్తవు గదా, అప్పుడు వాని మీద రెండోది వెయ్యి. తన్నేసినా పర్వాలేకుండ ఒంటి మీద కాటన్ బనీను, దాని మీద ఫుల్ చేతుల అంగి, ఫుల్ ప్యాంటు, వదులు సాక్సులు ఉండాలె. బనీను ప్యాంటులోకి దోపితే కడుపు బయటపడదు.

బిడ్డ సంగతి వేరు. ఏడాది నిండని పసిపిల్లలకు వదులు చెద్దరు, రగ్గు, మెత్త ఏవీ వద్దు, మొఖం మీదికొస్తే తీసేసుకునే తెలివి, బలం ఇంకా రాలేదు. మెత్తటి పాత కాటన్ చీర రెండు మూడు పొరలు చేసి చేతుల్లేని గౌను లెక్క కుట్టించి కింది దిక్కు మూసేయించు, కాళ్లు ఆడించుకునేంత వదులు ఉండాలె గని మెడ, చంకలు మాత్రం సరిపడ ఉండాలె, తల లోపలికి జారిపోవద్దు. ఊళ్లె టైలర్ చిటికెల కుట్టిస్తడు. లోపల బనీను, ఫుల్ చేతుల జుబ్బా, మీద ఈ సంచి, అంతే. మంకీ క్యాప్ పెట్టి పండవెట్టకు, పసిపిల్లల వేడి తల నుంచే ఎక్కువ పోవాలె, మూస్తే ఒళ్లు కాగిపోతది. ఎల్లెలుకల పండవెట్టు, పక్కనే ఉండనియ్యి గని మీ ఇద్దరి రగ్గు కిందికి తీసుకోకు. చీర తొట్లెల రాత్రంతా ఉంచకు, పల్చటి గుడ్డ కింద నుంచి చలిగాలి తగుల్తది, గదువ ఛాతికి ఒత్తుకుంటే ఊపిరి సరిగ ఆడది. చేతులు చల్లగున్నయని భయపడకు, ఈ వయసుల అది మామూలే, మెడ వెనక, కడుపు మీద చేయి పెట్టి చూడు, అక్కడ వెచ్చగుంటే బిడ్డ బాగున్నట్టే, చెమట తగిలితే ఒక పొర తీసెయ్యి.

ఇంకోటి, సాంబ్రాణి పొగ పసిపిల్లల ఊపిరితిత్తులకు మంచిది కాదు. కొబ్బరినూనెల కర్పూరం కాచి రుద్దుడు కూడా రెండేండ్ల లోపు పిల్లలకు వద్దే వద్దు, కర్పూరం ఒంట్లకు పోతే పిల్లలకు ఫిట్స్ వస్తయి. ఉత్త నూనె రుద్దుకో, ఏం నష్టం లేదు. జలుబు చేసినప్పుడు బిడ్డ ప్రశాంతంగ ఉన్నప్పుడు ఒక నిమిషం నిండా ఊపిరి లెక్కపెట్టు, రెండు నెలల నుంచి ఏడాది లోపు వాళ్లకు నిమిషానికి 50, ఏడాది నుంచి ఐదేండ్ల దాకా 40, ఆ లెక్కకు చేరినా దాటినా, డొక్కలు లోపలికి పీకుతున్నా, పాలు తాగకున్నా, కడుపు కూడా చల్లబడి మబ్బుగ పడున్నా పొద్దు పొడిచేదాక ఆగకు, 108కి ఫోన్ చెయ్యి.

ప్రశ్న: అమ్మా, మాది మక్తల్ దిక్కు. మా ఇంట్ల మా మామ కాలం నాటి నల్ల గొంగడి ఉన్నది. మనుమనికి మూడేండ్లు, కప్పుదామంటే కోడలు గీసుకపోతదని వద్దంటది, టౌన్ల రగ్గు కొంటది. ఏది మంచిది?
– ఒక అవ్వ, నారాయణపేట జిల్లా

జవాబు: అవ్వా, ఆ గొంగడి పారేయకండి, గసొంటిది ఇప్పుడు కొందామన్నా దొరుకుడు కష్టం. నల్ల దక్కని గొర్రెల ఉన్నితోని కురుమలు నేసింది అది, చింతగింజల గంజి పెట్టి గట్టిపరిచింది. ఇప్పుడు మన జిల్లాల మాంసం కోసం నెల్లూరు గొర్రెలే ఎక్కువైనయి, వాటికి ఉన్ని రాదు. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకొని కూడా తడిగ అనిపియ్యదు, ప్లాస్టిక్ దారంతోని చేసిన రగ్గు అట్ల కాదు, లోపల చెమట అట్లనే నిలుస్తది.

కోడలు చెప్పింది కూడా నిజమే, పిల్లగాని చర్మానికి గొంగడి గీసుకపోతది, బరువు కూడా. అందుకని మనుమని మీద కప్పకుండ కింద పరవండి, దాని మీద బొంత వెయ్యండి, బండ చలి అక్కడనే ఆగుతది. మీదికి మెత్తటి కాటన్ చెద్దరు, చలి మరీ ఎక్కువున్న రోజు దాని మీద కోడలు కొన్న రగ్గు, ఇద్దరి మాట నిలుస్తది. గొంగడిని వేడి నీళ్లల్ల ఉతకకండి, ముడుచుకపోతది, ఎండలో వేసి కట్టెతో కొట్టి దులిపితే సాలు. కొత్తది కొనేటప్పుడు అసలుదో కాదో తెల్వాలంటే అంచు పోగు ఒకటి తీసి వాకిట్ల కాల్చి చూడండి, ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి బూడిద వేలి కింద పొడైతది, ప్లాస్టిక్ దారమైతే కరిగి గట్టి పూస లెక్క అయితది.

ప్రశ్న: మా బాబు ఆరో తరగతి, హాస్టల్ల ఉంటడు. కింద పండుకుంటరట, రాత్రి చలికి నిద్ర పట్టట్లేదని ఫోన్ల ఏడుస్తడు. ఏం పంపాలె?
– ఒక తండ్రి, మిర్యాలగూడ

జవాబు: తమ్మీ, ఈ ఆదివారమే పోయి రా. మందపాటి బొంత ఒకటి కిందికి, రెండు పల్చటి చెద్దర్లు మీదికి ఇయ్యి, ఒక్క లావు రగ్గు కంటే రెండు పల్చటివే మేలు, నడుమ గాలి నిలుస్తది, పిల్లగాడే ఉతుక్కొని ఆరేసుకోగలడు. రాత్రికి వేరే జత బట్టలు, సాక్సులు పెట్టు, పగలంత ఆడి చెమట పట్టిన బనీనుతోనే పండొద్దని గట్టిగ చెప్పు. పక్కపక్కన పండే పిల్లలు చాపలు కలిపి వేసుకొని బొంతలు ఒకదాని మీద ఒకటి పరుచుకుంటే అందరికీ కింద మందం వస్తది, ఇది బాబుకు చెప్పు, వాళ్లే చేసుకుంటరు. పోయినప్పుడు పండే రూము కూడా ఒకసారి చూసి రా, కిటికీ అద్దాలు పగిలుంటే ఇంకో ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులను కలుపుకొని వార్డెన్‌కు కాగితం మీద రాసియ్యి, అద్దం వచ్చేదాక అట్ట ముక్కో పట్టానో కొట్టియ్యమని అడుగు, అది ఆ రోజే అయ్యే పని.