మేనకోడలికి, సంచి గురించి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన వీడియో గేమ్ నమూనా ఆడాను. కత్తి బరువు చేతికి తెలుస్తోంది, శత్రువు దెబ్బ తిని తూలే తీరు బాగుంది. వాటి జోలికి నేను పోను. నువ్వు అడిగింది ఆటగాడు దొరికిన వస్తువులు వేసుకునే సంచి గురించి: గడుల గ్రిడ్ పెట్టాలా, బరువు లెక్క పెట్టాలా, ఉత్త జాబితా చాలా అని. మూడింటిలో దేనితోనైనా మంచి ఆట చేయవచ్చు, ఉన్న ఆటను పాడుచేయనూ వచ్చు. దానికన్నా ముందు తేలాల్సిన సంగతి ఒకటుంది. నీ ఆటలో మనిషి ఎంతసేపటికి ఒకసారి పోరాటం ఆపి ఊరికి రావాలి? అది తేల్చుకుంటే సంచి కొలత దానంతట అదే వస్తుంది. తేల్చుకోకపోతే ఎన్ని గడులు ఇచ్చినా చాలలేదనే అంటారు.

లెక్క వేసి చూపిస్తాను. పాత్ ఆఫ్ ఎక్సైల్ అనే ఆటలో సంచి 12 గడుల వెడల్పు, 5 గడుల ఎత్తు, అంటే 60 గడులు. ఒంటి కవచం 6 గడులు తీసుకుంటుంది, పెద్ద ఆయుధం 8, ఉంగరం 1. సగటున వస్తువుకు 4 అనుకో, 15 వస్తువులకు సంచి నిండిపోతుంది. నిమిషానికి మూడు చొప్పున ఏరుకుంటే 5 నిమిషాలు. ఆ ఆటలో అది చెల్లుతుంది. ఊరికి ద్వారం తెరిచే పోర్టల్ స్క్రోల్ చదివితే క్షణంలో ఊళ్లో ఉంటాడు, పైగా చచ్చిన శత్రువుల నుంచి రాలినవాటిలో చాలా భాగాన్ని చూసి కూడా వదిలేయడం అక్కడ ఆటగాడు నేర్చుకోవాల్సిన విద్య. నీ గుహలో ఒక విడతకు 20 నిమిషాలు పడుతోంది, మధ్యలో ఊరికి దారి లేదు. గడులను నాలుగింతలు చేయవచ్చు, లేదా రాలే వస్తువులను నాలుగో వంతుకు తగ్గించవచ్చు. నేనైతే కళ్లు మూసుకుని రెండోదే చేస్తాను. నీ నమూనాలో ఏ గుణమూ లేని తెల్ల పేరు వస్తువులు లెక్కలేనన్ని రాలుతున్నాయి. వాటిని ఏరి, మోసి, అమ్మి, ఆ డబ్బుతో కొనడానికి అంగడిలో ఏమీ లేదు కూడా.

రాలినవాటిలో అక్కర్లేనివి కంటికి కనబడకుండా దాచే ఫిల్టర్ పెడితే సరిపోదా అంటావేమో. పాత్ ఆఫ్ ఎక్సైల్ ఆటగాళ్లు ఏది కనబడాలో, ఏది దాగాలో టెక్స్ట్ ఫైలులో నియమాలు రాసుకుని ఒకరికొకరు పంచుకుంటారు. 2024లో పూర్తిస్థాయిలో విడుదలైన లాస్ట్ ఎపోక్‌లో ఆ ఏర్పాటు ఆటలోనే మెనూ రూపంలో ఉంది. వందల గంటలు ఆడేవారికి అది మంచి పనిముట్టు. మొదటి గంటలోనే ఫిల్టర్ అవసరమైందంటే మాత్రం, ఏది ఎంత తరచుగా రాలాలో చెప్పే ‘రాల్చే పట్టిక’లోనే తప్పు ఉందని అర్థం. సంచిని ముట్టుకునే ముందు ఆ పట్టికను సరిచేయి.

ఇక ఏయే వస్తువులకు గడి ఇవ్వాలన్నది. నా నియమం ఒకటే: ఆటగాడు ఎన్నడూ వద్దనని వస్తువు గడిని ఆక్రమించకూడదు. ఎందుకంటే అక్కడ నిర్ణయం లేదు, చాకిరీ మాత్రమే ఉంది. డయాబ్లో అనే ఆటల వరుసలో మొదటిదానిలో బంగారం కూడా సంచిలోనే ఉండేది, గడికి 5,000 నాణేలు. డబ్బున్నవాడికి కత్తి పెట్టుకోవడానికి చోటుండేది కాదు. రెండో ఆటలో బంగారాన్ని గడుల నుంచి తప్పించి విడి అంకెగా చేశారు. ఇదే పాఠాన్ని ఈ రంగం మళ్లీ మళ్లీ నేర్చుకోవడం నాకు వింతగానే ఉంటుంది. 2015 మే నెలలో వచ్చిన విచర్ 3లో మూలికలకూ తయారీ సరుకులకూ బరువుండేది, దాచుకునే పెట్టె లేదు. జూలైలో 1.07 ప్యాచ్ అనే సవరణతో పెట్టె వచ్చింది, ఆ సరుకుల బరువు పోయింది. 2023 జూన్‌లో డయాబ్లో 4 విడుదలైనప్పుడు రత్నాలు సంచిలో గడులు తినేవి. అక్టోబరులో రెండో సీజన్‌తో వాటిని సరుకుల పట్టీలోకి మార్చారు. నీ ఆటలో ఇనుప ముక్కలు, తోలు, తాళంచెవులు అన్నీ గడుల్లోనే ఉన్నాయి. ఈ వారమే తీసేయి.

గ్రిడ్ మీద నాకు మమకారం ఉంది, దాచను. ఈటె పొడవుగా నాలుగు గడులు ఆక్రమిస్తే అది ఈటెలా అనిపిస్తుంది. వస్తువు పరిమాణం, దాని విలువ రెండూ ఒకేసారి కంటికి కనబడతాయి. ఉంగరం చిన్నది కనుక మారుమాట లేకుండా తీసుకుంటాం, గండ్రగొడ్డలి ముందు మాత్రం ఆగి ఆలోచిస్తాం. ఆ ఆగడమే గ్రిడ్ నుంచి నీకు దక్కే లాభం. దానికి చెల్లించే ధర, సర్దుకోవడంలో పోయే సమయం. మౌస్ ఉన్నవాడికి అది సరదాగానైనా ఉంటుంది, కంట్రోలర్ పట్టుకున్నవాడు గడి గడికీ కర్సర్‌ను నెట్టుకుంటూ పోవాలి. డయాబ్లో వరుసలోనే చూడు. రెండో ఆటలో రకరకాల ఆకారాలు. 2012 నాటి మూడో ఆటలో రెండే కొలతలు, ఒక గడి లేదా నిలువుగా రెండు. నాలుగో ఆటలో ఏదైనా ఒకటే గడి. సౌలభ్యం పెరిగింది, కానీ గొడ్డలికీ ఉంగరానికీ మధ్య సంచిలో తేడా లేకుండా పోయింది. నువ్వు ఫోనులో కూడా విడుదల చేస్తానంటున్నావు కనుక, మనసుకు కష్టంగా ఉన్నా ఒకటే గడి పద్ధతికి వెళ్లమంటాను. చిన్న తెర మీద వేలితో ఆరు గడుల కవచాన్ని ఇరికించమని ఎవరినీ అడగలేం.

బరువు సంగతి వేరు. స్కైరిమ్‌లో 300 బరువుతో మొదలవుతావు, మించితే పరుగెత్తలేవు. అది కంటికి కనబడే హద్దు కాదు. ఆటగాడు ప్రతి గిన్నెకూ, ప్రతి కవచానికీ ధరను బరువుతో భాగించుకుంటూ కూర్చుంటాడు. తీరికగా లోకమంతా తిరిగే ఆటలో అది నడుస్తుంది. నీది తప్పించుకోవడం మీద నిలబడిన ఆట. నీకు పనికొచ్చే నమూనా డార్క్ సోల్స్. 2009 నాటి డీమన్స్ సోల్స్‌లో మోసే ప్రతి వస్తువుకూ బరువుండేది, మించితే కొత్తది ఎత్తుకోనిచ్చేది కాదు. 2011లో డార్క్ సోల్స్ ఆ లెక్కను తీసేసి, ఒంటి మీద ధరించినదానికి మాత్రమే బరువు ఉంచింది. మోయగల హద్దులో నాలుగో వంతు లోపుంటే, దెబ్బ తప్పించుకోవడానికి చురుగ్గా దొర్లుతావు, సగం వరకు ఓ మాదిరిగా, అది దాటితే దబ్బున పడతావు. అక్కడ బరువు సంచి లెక్క నుంచి పోరాటంలోకి వచ్చింది. నీ దొర్లుడుకు ఇది అతికినట్టు సరిపోతుంది. సంచికి గడులు, ఒంటికి బరువు. రెండూ సంచికే పెట్టావు, అందుకే నీ స్నేహితులకు విసుగు పుట్టింది.

ఒక మోహం గురించి ముందే హెచ్చరిస్తాను. డయాబ్లో 2కు తర్వాత వచ్చిన అదనపు భాగంలో, అంటే విస్తరణలో, 2001లో, చార్మ్‌లనే వస్తువులు వచ్చాయి. సంచిలో ఊరికే ఉంటే చాలు, బలాన్నిస్తాయి. ఒకటి, రెండు, మూడు గడుల కొలతలు. సంచిలో ఉన్నవి 40 గడులు. హొరాడ్రిక్ క్యూబు అనే డబ్బా 4 గడులు తీసుకుని లోపల 12 ఇస్తుంది కనుక దాన్నీ మోస్తారు. మిగిలినదంతా చార్మ్‌లతో నింపేసి, చివరికి ఏరుకునే సరుకు కోసం మూలన చారెడు చోటు ఉంచుకుని ఆడేవారిని ఇప్పటికీ చూడవచ్చు. బలమా, చోటా అన్న ఆ లాగులాట నిజంగా పదునైన ఆలోచన, ఒప్పుకుంటాను. అయితే ఫలితం చూడు: ఆట ముదిరేకొద్దీ వస్తువులు ఏరుకోవడమే కష్టమవుతుంది, ఆ ఆట ప్రాణమేమో వస్తువులు ఏరుకోవడంలోనే ఉంది. నీ పత్రంలో తాయెత్తుల ఆలోచన చూశాను. పెట్టు, కానీ వాటికి విడిగా ఆరో ఎనిమిదో గడుల జేబు ఇవ్వు. లాగులాట తాయెత్తుల మధ్యే ఉండనీ.

పెంపుడు జంతువు ఆలోచన బాగుంది. 2002లో డంజన్ సీజ్‌లో మోత కంచరగాడిద ఉండేది, 2009లో టార్చ్‌లైట్‌లో పెంపుడు జంతువు సరుకు మోసుకుని ఊరికి వెళ్లి అమ్ముకొచ్చేది. అది వెళ్లినంతసేపూ నీ పక్కన పోరాడే తోడు లేదు. ఆ ధర ఉండబట్టే అది బాగుంది. నీ చిలుక మాత్రం ఏ ధరా లేకుండా వెళ్లొస్తోంది.

ఊళ్లో సరుకు దాచుకునే పెట్టె గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, జనం ఏళ్ల తరబడి బతికేది అక్కడే. సంచి ఆట వేగాన్ని నిర్ణయిస్తే, పెట్టె మన ఇళ్లలో అటక లాంటిది. ఎప్పుడైనా పనికొస్తుందేమోనని పైన పడేస్తాం, దింపేది ఏనాడో. కనుక అక్కడ గడులు బిగించి సాధించేది ఏమీ లేదు. మొదటి డయాబ్లోలో పెట్టే లేదు. ఒంటరిగా ఆడేవారు ట్రిస్ట్రమ్ ఊరి నేల మీద తమ ఆస్తినంతా పరిచి ఉంచేవారు. రెండో ఆటలో 24 గడులు ఇచ్చారు, విస్తరణలో 48 చేశారు. చాలక జనం సరుకు దాచడానికే ఆటలో వేరే పాత్రలు (క్యారెక్టర్లు) సృష్టించుకున్నారు. వాటికి మ్యూల్, అంటే కంచరగాడిద, అనే పేరు స్థిరపడిపోయింది. టైటన్ క్వెస్ట్‌కు అభిమానులే బయటి నుంచి నిల్వ ప్రోగ్రాము రాసుకున్నారు. డయాబ్లో 2 పునర్నిర్మాణంలో, 2021లో, పెట్టె 100 గడులైంది, పాత్రలన్నీ పంచుకునే అరలు, అంటే ట్యాబ్‌లు, మరో మూడు వచ్చాయి. ఆటగాళ్లు చేసుకున్న అడ్డదారే అధికారిక దారి కావడానికి అంత కాలం పట్టింది. నువ్వు మొదటి రోజే అన్ని పాత్రలకూ ఒకే పెట్టె పెట్టు. ట్యాబ్‌కు పేరు, రంగు పెట్టుకోనివ్వు. వెతకడానికి ‘అగ్ని’ అని కొడితే అగ్ని గుణమున్నవన్నీ వెలగాలి, పేరులో ఆ మాట లేకపోయినా సరే.

పెట్టెలు అమ్ముకుందామని నీ భాగస్వామి అంటున్నాడని రాశావు. పాత్ ఆఫ్ ఎక్సైల్ అమ్ముతుంది, నిజమే. ఆట ఉచితం, 144 గడుల ట్యాబ్‌లు నాలుగు ఊరికే ఇస్తుంది, 576 గడుల పెద్ద ట్యాబ్‌కు డబ్బు అడుగుతుంది. అక్కడ కొన్న ట్యాబ్‌ను అంగడిలా తెరిచి సరుకు అమ్మకానికి పెట్టుకోవచ్చు, అంటే డబ్బుకు పని జరుగుతోంది. లాస్ట్ ఎపోక్‌లో ట్యాబ్‌ను ఆటలోని బంగారంతోనే కొంటారు. నువ్వు ఆటకే ధర పెడుతున్నావు. ఒకసారి డబ్బు తీసుకుని, చోటు ఇరుకు చేసి, మళ్లీ చోటుకు డబ్బు అడగడం నాకు నచ్చదు. అతనికి నా మాటగా చెప్పు.

ఇప్పుడు కోడు. వస్తువు జాతినీ, వస్తువునూ కలపకు. ‘ఉక్కు కత్తి’ గురించి స్థిరంగా ఉండేవన్నీ ఒక పట్టికలో ఉండాలి. ఆటగాడి చేతిలోని కత్తికి జాతి సంఖ్య, దానికి పడిన గుణాలు, తనదంటూ ఒక ప్రత్యేక సంఖ్య, ఏ వెర్షన్‌లో పుట్టిందన్న గుర్తు చాలు. గుణాన్ని అంతిమ అంకెగా రాయకుండా, ఏ శ్రేణిలో ఎంత వంతు పడిందో రాసిపెట్టు. రేపు శ్రేణిని మార్చితే పాత వస్తువులూ పద్ధతిగా మారతాయి.

కర్సర్‌కు తగులుకున్న వస్తువు ఎక్కడ ఉన్నట్టు? దీనికి జవాబు లేని కోడులోనే వస్తువులు మాయమవుతాయి, లేదా రెండవుతాయి. కర్సర్‌ను ఒకే గడి ఉన్న సంచిగా లెక్కించు. మొదటి డయాబ్లోలో పేరుమోసిన మోసం ఉండేది: నేల మీది వస్తువును ఎత్తుకోబోతూ, చేయి దాన్ని అందుకునే క్షణంలో బెల్టులోని పోషన్‌ను (మందు సీసాను) నొక్కితే, పోషన్ కాస్తా ఆ వస్తువుకు నకలైపోయేది. ఒకచోట తీయడం, మరోచోట పెట్టడం విడివిడి పనులుగా ఉంటే ఇలాంటివి తప్పవు. రెండూ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు. నీది నలుగురూ కలిసి ఆడే ఆట కనుక ఆ తీర్పు సర్వర్‌దే కావాలి.

పెట్టెను పాత్రతో పాటు లోడ్ చేయకు. డయాబ్లో 4లో దారిలో మరో ఆటగాడు ఎదురైతే అతని పెట్టెలోని సరుకంతా కూడా మెమొరీలోకి వస్తుందనీ, అందుకే ట్యాబ్‌లు పెంచడం కష్టంగా ఉందనీ 2023లో ఆ డెవలపర్లే చెప్పారు. నీ ఊరి కూడలిలో ఇరవై మంది నిలబడతారు. పెట్టె తెరిచినప్పుడే దాని సరుకు రావాలి.

చిన్నవి కొన్ని గబగబా రాస్తాను. వస్తువుకు తాళం వేసుకునే వీలుండాలి, తాళం ఉన్నది అమ్ముడుపోకూడదు, సర్దే మీట నొక్కినా కదలకూడదు. పొరపాటున అమ్మినదాన్ని అదే ధరకు తిరిగి కొనుక్కోనివ్వు. సంచి నిండినప్పుడు క్వెస్ట్ (ఆట అప్పగించిన పని) పూర్తిచేసిన బహుమతి వస్తే ఏమవుతుందో పరీక్షించు, నీ నమూనాలో అది గాల్లో కలిసిపోయింది. ‘సంచి నిండింది’ అన్న గొంతు ఒకసారి వినబడితే చాలు.

తెలుగులో కూడా విడుదల చేస్తానన్నావు, చాలా సంతోషం. వస్తువు వివరాలు చూపే చిన్న పెట్టె, అదే టూల్‌టిప్, దాని వరుసల ఎత్తు ఇంగ్లీషు అక్షరాలకు కొలిచి పెట్టావు, ‘రాష్ట్రకూట ఖడ్గం’లో వత్తులు కింది వరుసలోకి దిగి తెగిపోతున్నాయి. నీ ఇంజన్ అక్షరాలను సరిగ్గా కూర్చుతోందో లేదో ముందే చూసుకో, లేకపోతే వత్తు పక్కన విడిగా కూర్చుంటుంది. పేర్లు రెండు వరుసలు తీసుకునేలా చోటు వదులు.

వచ్చే నమూనాలో నాకు రెండు లెక్కలు కావాలి: సంచి తెరిచిన ప్రతిసారీ ఎన్ని సెకన్లు తెరిచి ఉంచారు, ఎత్తుకున్నాక ఏయే వస్తువులను పారేశారు. రెండో జాబితాలో పైన ఉన్నవన్నీ రాల్చే పట్టికలోంచి తీసేసి పంపు. సేవ్ ఫైలు రూపం ఖాయం చేసే ముందు మాత్రం ఒకసారి చూపించు, తర్వాత మార్చడం నరకం. ఆదివారం సాయంత్రం ఖాళీగానే ఉంటాను. అక్కను అడిగానని చెప్పు.

నీ మామయ్య